బైసెక్ట్, డిసెక్ట్: రెండూ కోతలేనా?

సందేహం: మా అమ్మాయి లెక్కల పుస్తకంలో ‘బైసెక్ట్’, సైన్స్ పుస్తకంలో ‘డిసెక్ట్’ అని ఉన్నాయి. రెండిటికీ ‘ఖండించు’ అనే చెప్పుకోవచ్చా? రెండో మాటను కొందరు ‘డైసెక్ట్’ అంటున్నారు. ఏది సరి?

సమాధానం: రెండిటిలోనూ ఉన్నది ‘కోయు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువే. సెక్షన్, సెక్టార్ కూడా ఆ ఇంటివే. తేడా అంతా ముందు చేరిన ఉపసర్గలో ఉంది.

‘బై’ అంటే రెండు. 60 డిగ్రీల కోణాన్ని బైసెక్ట్ చేస్తే చెరో 30 వస్తాయి. తెలుగు మీడియం వాళ్లు చదువుకున్న ‘సమద్విఖండన’ ఇదే. అందులో ‘సమ’ను వదిలేయకూడదు. కొబ్బరిచిప్పను పావు, ముప్పావుగా పగలగొట్టినా ద్విఖండనే కదా!

‘డిస్’ అంటే విడివిడిగా. ఇక్కడ ముక్కల లెక్కతో పని లేదు, లోపల ఏముందో చూడాలి. మా రోజుల్లో బైపీసీ పిల్లలు మైనం పళ్లెంలో కప్పను వెల్లకిలా పెట్టి, కాళ్లకు గుండుసూదులు గుచ్చి, పొట్ట మీది చర్మం కత్తిరించి పక్కలకు లాగేవారు. గుండె ఇది, కాలేయం ఇది అని లెక్చరర్ చూపించేవారు. అదీ డిసెక్షన్. (ఇప్పుడు చాలాచోట్ల మానేశారు, కప్పలు బతికిపోయాయి.) దీన్ని తెలుగులో ‘విచ్ఛేదన’ అంటాం. వంకాయ తరిగితే మాత్రం డిసెక్షన్ కాదు, పుచ్చుందేమోనని చీల్చి చూస్తే కొంత దగ్గరికొస్తుంది.

ఒక కథను డిసెక్ట్ చేశారంటే దాన్ని విడమరిచి, ఏ భాగం ఎలా పనిచేస్తోందో చూశారని అర్థం. కొందరు అనువాదకులు దీన్ని ‘చీల్చి చెండాడారు’ అని రాస్తున్నారు. అది వేరే సంగతి, అందులో రచయితకు దెబ్బలు తగులుతాయి.

ఇక ఉచ్చారణ. అసలుది ‘డిసెక్ట్’. బైసెక్ట్ పక్కన ఉండి ఉండి దీనికీ ‘డై’ అంటుకుంది. జనంలో పాతుకుపోయింది కాబట్టి నేటి నిఘంటువులు రెండిటినీ ఒప్పుకుంటున్నాయి, నేను మాత్రం ‘డి’ అనే అంటాను. స్పెల్లింగులో అలాంటి వెసులుబాటు లేదు. ‘డిస్’లో ఒక ఎస్, ‘సెక్ట్’లో ఒక ఎస్, మొత్తం రెండు. బైసెక్ట్‌కు ఒకటే. మన ‘వి’ పక్కన ‘ఛేదన’ చేరితే మధ్యలో ఇంకో ‘చ్’ వచ్చి ‘విచ్ఛేదన’ అయినట్టే అనుకోండి. దాన్ని ‘విచ్చేదన’ అని రాసేవాళ్లూ తక్కువేం లేరు, కింద ఉండాల్సింది ఒత్తు ‘ఛ’.