గొలుసుకట్టు చెరువులు, వరద లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా ఊరి వాగు పరీవాహకం, 12 చదరపు కిలోమీటర్లు, హెక్-హెచ్‌ఎంఎస్‌లో (వాన నుంచి వాగు నీటిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ చేశాను. జూన్‌లో పడ్డ 100 మిల్లీమీటర్ల వానకు వాగు ఒడ్లు దాటినట్టు చూపిస్తోంది. నిజానికి ఆ రోజు మోకాలి లోతు నీళ్లు కూడా రాలేదు. సీఎన్ (కర్వ్ నంబర్, పడ్డ వానలో ఎంత పారుతుందో చెప్పే నేల అంకె) తగ్గిస్తే సరిపోతుందని దోస్తులు అంటున్నారు. తగ్గించమంటారా?
– విద్యార్థిని, దేవరకొండ

జవాబు: తగ్గించొద్దు. ముందు మీ పరీవాహకంలో ఎన్ని చెరువులు, కుంటలు ఉన్నాయో లెక్కపెట్టండి. తప్పు నేల దగ్గర లేదు, చెరువుల దగ్గర ఉంది.

లెక్క వేసి చూద్దాం. మీ చెలక భూములకు సీఎన్ 80 అనుకుందాం. 25400ను 80తో భాగించి 254 తీసేస్తే 63.5 మిల్లీమీటర్లు వస్తుంది. నేల పట్టి ఉంచగల నీరు అదీ. వాగులోకి చుక్క రాకముందే ఆగిపోయే మొదటి వానను హెచ్‌ఎంఎస్ ఇందులో 0.2 వంతుగా తనంతట తానే తీసుకుంటుంది, మీరు ‘ఇనిషియల్ అబ్‌స్ట్రాక్షన్’ గడి ఖాళీగా వదిలేస్తే. మన దేశపు పద్ధతిలో నల్లరేగడి కాని నేలలకు 0.3 వంతు వాడతారు. అంటే ఆ గడిలో 19 అని కొట్టాలి. అప్పుడు 100 మిల్లీమీటర్ల వానకు పారే నీరు 50.5 నుంచి 45.4 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఇది చిన్న దిద్దుబాటే.

45.4 మిల్లీమీటర్లు 12 చదరపు కిలోమీటర్ల మీద అంటే దాదాపు 5.4 లక్షల ఘనపు మీటర్లు. మన లెక్కలో 19 ఎంసీఎఫ్‌టీ, అంటే 190 లక్షల ఘనపు అడుగులు. ఇప్పుడు మీ వాగు మీద ఒకదాని కింద ఒకటి మూడు చెరువులు, ఒక్కొక్కటీ 40 ఎకరాల నీటి విస్తీర్ణం, కట్ట దగ్గర 3 మీటర్ల లోతు అనుకోండి. విస్తీర్ణాన్ని లోతుతో గుణించి మూడింట ఒక వంతు తీసుకుంటే ఒక్కో చెరువుకు 1.6 లక్షల ఘనపు మీటర్లు, మూడింటికీ 4.8 లక్షల పైచిలుకు. జూన్‌లో అవి ఎండి ఉంటాయి. వచ్చిన నీళ్లన్నీ దాదాపు అక్కడే ఆగిపోతాయి. మీరు చూసిన మోకాలి లోపు నీళ్లు అందుకే. అదే వాన సెప్టెంబర్‌లో, మూడు చెరువులూ నిండి అలుగు పోస్తున్నప్పుడు పడితే 5.4 లక్షలూ కిందికి వస్తాయి. నేల కూడా తడిసి ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే వస్తాయి. సీఎన్ తగ్గించి జూన్ వానకు మోడల్‌ను సరిపెట్టుకుంటే, సెప్టెంబర్ వరదను అది తక్కువ చూపిస్తుంది. ఊరికి ముప్పు వచ్చేదేమో సెప్టెంబర్‌లోనే.

మోడల్‌లో ఇలా పెట్టండి. ప్రతి కట్ట దగ్గరా పరీవాహకాన్ని కోసి, అక్కడ రిజర్వాయర్ ఎలిమెంట్ పెట్టాలి. పద్ధతి దగ్గర ‘అవుట్‌ఫ్లో స్ట్రక్చర్స్’ ఎంచుకోండి. దానికి మట్టం–నిల్వ పట్టిక ఒకటి, అలుగు వివరాలు ఒకటి కావాలి. వరద లెక్కలో తూమును వదిలేసినా నష్టం లేదు. ఆరంభ మట్టం దగ్గర మాత్రం జాగ్రత్త. జూన్ పరుగుకు (రన్) చెరువు అడుగు మట్టం, సెప్టెంబర్ పరుగుకు అలుగు మట్టం ఇచ్చి రెండుసార్లు నడపండి.

మట్టం–నిల్వ పట్టికను డెమ్ (నేల ఎత్తుల డిజిటల్ పటం) నుంచి తీసుకుంటే మోసపోతారు. ఆ డెమ్‌కు మూలమైన ఎస్‌ఆర్‌టీఎం రాడార్ 2000 ఫిబ్రవరిలో 11 రోజులు కొలిచింది. రాడార్ నీటి అడుక్కి చూడలేదు. ఆ రోజుల్లో చెరువులో నీళ్లుంటే ఆ నీటి మట్టమే మీకు నేలగా కనిపిస్తుంది. పాత రికార్డుల్లోని నిల్వ కూడా 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులకు సరిపోదు. ఎండాకాలంలో శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) దిగి, మట్టాలు కొలిచే ఆటో లెవెల్‌తో నాలుగైదు అడ్డకోతలు తీసుకోవడమే నమ్మదగిన పద్ధతి.

ఇక అలుగు. టేపు పట్టుకొని పొడవు కొలవండి, అలుగు మీది నుంచి కట్ట తలదాకా ఎత్తు తీసుకోండి. 30 మీటర్ల అలుగు మీద 0.6 మీటర్ల మందాన నీళ్లు పోతుంటే, అలుగు ప్రవాహ సూత్రంలోని గుణకం 1.7తో సెకనుకు 24 ఘనపు మీటర్లు, దగ్గర దగ్గర 840 క్యూసెక్కులు. కొలిచేటప్పుడు అలుగు మీద ఏముందో కూడా రాసుకోండి. చేపలు పోకుండా కట్టిన ఇనుప జాలీకి చెత్త, నాచు, తుమ్మ కొమ్మలు పట్టి సగం పొడవు మూసుకుపోతే, అవే 24 ఘనపు మీటర్లు పోవడానికి నీళ్లు 0.95 మీటర్లు ఎక్కాలి. అంటే 35 సెంటీమీటర్లు అదనం. కట్ట తల ఒక చోట కుంగి ఉంటే ఆ 35 సెంటీమీటర్లే నీళ్లను కట్ట మీదికి ఎక్కిస్తాయి. ఎక్కువ నీళ్లు నిలవాలని అలుగు మీద పేర్చిన ఇసుక బస్తాలతోనూ ఇదే ముప్పు. జాలీ ఉన్న అలుగుకు సగం పొడవుతో ఒక పరుగు తప్పకుండా నడపండి.

ప్రశ్న: మాది పాలమూరు దగ్గర పల్లె. మా వాగు సగం 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, సగం తూర్పున ఉంది. క్యూజీఐఎస్‌ పటాల సాఫ్ట్‌వేర్‌లో యూటీఎం (భూమిని 6 డిగ్రీల పట్టీలుగా చేసి మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ 43 పెట్టాలా, 44 పెట్టాలా?

జవాబు: 44. సాఫ్ట్‌వేర్‌లో ఆ జోన్‌ను ఎంచుకునే కోడ్, అంటే ఈపీఎస్‌జీ సంఖ్య, 32644. జోన్ సరిహద్దు పాలమూరు పట్టణం పక్కనుంచే పోతుంది కాబట్టి ఉమ్మడి జిల్లా అంతటా ఈ సందేహం వస్తుంది. పడమటి కొసన కూడా పొడవులో తేడా కిలోమీటరుకు దాదాపు మీటరున్నరే, వరద పనికి అది లెక్కలోకి రాదు. డెమ్ ఒక జోన్‌లో, వాగు గీత ఇంకో జోన్‌లో ఉంచుకోవడం మాత్రం వద్దు. డెమ్‌ను డిగ్రీల్లోనే వదిలేసి వాలు లెక్క వేస్తే మీటర్లను డిగ్రీలతో భాగించినట్టవుతుంది, అంకెలన్నీ పిచ్చిగా వస్తాయి.

ప్రశ్న: హెక్-రాస్ 2డీలో (నీళ్లు నేల మీద ఎటు, ఎంత లోతున పారతాయో చూపే సాఫ్ట్‌వేర్) చెరువు తెగితే కింది ఊరికి ఎన్ని నీళ్లు వస్తాయో చూస్తున్నాం. విచిత్రం ఏమిటంటే కట్ట తెగకముందే నీళ్లు కట్టలోంచి కారి కిందికి పోతున్నాయి. ఆ కింద రోడ్డు దగ్గరేమో కల్వర్టు ఉన్నా నీళ్లు ఆగిపోతున్నాయి. మోడల్ కూడా మధ్యలో ఆగిపోతోంది.
– అసిస్టెంట్ ఇంజినీర్, వనపర్తి

జవాబు: రెండూ ఒకే జబ్బు. 30 మీటర్ల డెమ్‌లో మూడు నాలుగు మీటర్ల తల వెడల్పున్న కట్ట నిలవదు. పక్క నేలతో కలిసి సగటు అయిపోయి అక్కడక్కడా లోతులు పడతాయి, నీళ్లు వాటిలోంచి కారతాయి. వెడల్పైన రోడ్డు మట్టికట్ట మాత్రం మిగులుతుంది, దాని కింది కల్వర్టు కనబడదు. అందుకే నీళ్లు ఆగాల్సిన చోట పోతున్నాయి, పోవాల్సిన చోట ఆగుతున్నాయి.

కట్ట తల వెంట బ్రేక్‌లైన్ గీయండి, మోడల్ లెక్క గడుల (మెష్) అంచులు సరిగ్గా కట్ట మీద కూర్చుంటాయి. తర్వాత అదే గీత మీద ఎస్‌ఏ/2డీ కనెక్షన్ (కట్టను మోడల్‌లో అడ్డుగా చూపే ఎలిమెంట్) పెట్టి, కొలిచిన కట్ట మట్టాలను అందులో నింపండి. అలుగున్న చోట మట్టం తగ్గించాలి, తూమును కల్వర్టుగా ఇవ్వాలి. రోడ్డుకూ ఇంతే: కనెక్షన్ పెట్టి, కల్వర్టు ఖానాలు, కొలతలు ఇవ్వండి. గుంతలు నింపే పనిముట్టును చెరువుల నేల మీద కళ్లు మూసుకొని నడపొద్దు. అది చెరువును నిండిన పళ్లెంలా చదును చేసేస్తుంది.

మోడల్ ఆగిపోవడానికి చాలాసార్లు కారణం టైమ్ స్టెప్, అంటే మోడల్ ఒక్కో లెక్కకు ముందుకు జరిపే సమయం. 20 మీటర్ల గడిలో నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతుంటే 10 సెకన్లకు గడి దాటతాయి. అక్కడ నిమిషం స్టెప్ పెడితే లెక్క నిలవదు. 10 సెకన్లతో మొదలుపెట్టండి. తెగుడు మొదలయ్యే ఘడియల్లో, కట్ట కింది గడుల్లో 2 సెకన్లు కూడా అవసరం పడొచ్చు. ముందు డిఫ్యూజన్ వేవ్‌తో (నీటి ఉరుకు బలాన్ని వదిలేసే తేలిక సమీకరణం) నడిపి, మోడల్ కుదురుకున్నాక కట్ట తెగే పరుగును పూర్తి మొమెంటం సమీకరణంతో నడపండి. గండి నీటి ఉరుకును డిఫ్యూజన్ వేవ్ సరిగా పట్టుకోలేదు.

తెగుడు వెడల్పుకు ఒకే అంకె నమ్మొద్దు. మట్టికట్టలకు అమెరికా సైన్యపు ఇంజినీర్ల పాత మార్గదర్శకం కట్ట ఎత్తుకు సగం నుంచి 3 రెట్ల వెడల్పు, అరగంట నుంచి 4 గంటల సమయం చెబుతుంది. అక్కడి ఇంధన కమిషన్‌ది 1 నుంచి 5 రెట్లు, 6 నిమిషాల నుంచి గంట. 5 మీటర్ల కట్టకు రెండోదాని ప్రకారం 5 నుంచి 25 మీటర్ల గండి. మన చిన్న చెరువుల కట్టలకు ఈ రెండో లెక్కే దగ్గరని మా అభిప్రాయం. మీ జిల్లాలోనే సరళాసాగర్ కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది, కుండపోత వాన లేని రోజుల్లో. కాబట్టి వాన లేకుండా, నిండు చెరువు తెగినట్టు కూడా ఒక పరుగు ఉండాలి. గొలుసులో కింది చెరువును కూడా అదే మోడల్‌లో పెట్టండి. పైది తెగితే కిందిది ఆగుతుందా అన్నదే ఊరివాళ్లకు కావలసిన జవాబు.

మేనింగ్ ఎన్ (వాగు గరుకుదనాన్ని చెప్పే అంకె) విషయం: శుభ్రంగా ఉన్న వాగుకు 0.03–0.035 సరిపోతుంది. సర్కారు తుమ్మ కమ్ముకున్న వాగుకు 0.08 నుంచి 0.1 ఇవ్వాలి. ఫోల్డర్ పేర్లలో తెలుగు అక్షరాలు, ఖాళీలు వద్దు.

ప్రశ్న: వాన లెక్కకు ఏ తేదీ వాడాలి? 13 రాత్రి వాన పడితే రికార్డులో 14న ఉంది.
– కల్వకుర్తి

జవాబు: వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. 14న రాసిన అంకె 13 ఉదయం నుంచి పడిన వాన. మోడల్ గడియారాన్ని అలాగే సరిపెట్టండి, లేకపోతే వరద ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. రోజువారీ మొత్తాన్ని 24 గంటలకూ సమానంగా పంచొద్దు. రెండు గంటల్లో కుమ్మరించిన వాన చదునైపోయి, శిఖర ప్రవాహం బాగా పడిపోతుంది. దగ్గరి ఆటోమేటిక్ స్టేషన్‌లో గంటవారీ అంకెలుంటే ఆ తీరునే వాడండి. లేనప్పుడు కేంద్ర జలసంఘం కృష్ణా–పెన్నా ఉపమండలం 3(హెచ్) నివేదికలోని పంపకం వాడండి.

ప్రశ్న: 2024 సెప్టెంబర్ మొదట్లో మా కోదాడ మునిగినప్పటి నుంచి ఇళ్ల, పంటల నష్టం లెక్క కట్టే పనిలో ఉన్నాం. సాఫ్ట్‌వేర్‌లో వచ్చే అంకె నమ్మొచ్చా అన్నా?
– స్వచ్ఛంద సంస్థ కార్యకర్త

జవాబు: ఇంటి గడప ఎత్తు కొలిచి ఇస్తే నమ్మొచ్చు. జరిగిన ఒక వరదకు హెక్-ఎఫ్‌ఐఏ వాడండి. కరకట్ట కడితే ఏటా సగటున ఎంత నష్టం తప్పుతుందో చూడాలంటే హెక్-ఎఫ్‌డీఏ. రెండూ ఉచితమే. రెండింటికీ ఇళ్ల జాబితా, లోతు–నష్టం పట్టిక కావాలి. బయట నీళ్లు 0.9 మీటర్లు, గడప 0.6 మీటర్లు ఉంటే ఇంట్లోకి వచ్చింది 0.3 మీటర్లే. గడప ఎత్తు సున్నా అని వదిలేస్తే పరుపులు, ఫ్రిజ్, బియ్యం బస్తాలు అన్నీ పోయినట్టు లెక్క తేలుతుంది. డెమ్ ఎత్తులో రెండు మూడు మీటర్ల తేడా మామూలే కాబట్టి ఇంటి మట్టం అందులోంచి తీయకండి. వీధికో బెంచ్‌మార్క్ పెట్టి, గోడ మీద నీటి గీత నుంచి గడపకు, గడప నుంచి రోడ్డుకు టేపు పట్టండి. అమెరికా పట్టికల్లో నేలమాళిగ ఉన్న ఇళ్లకు వేసినవి కూడా ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం 2017లో ఇచ్చిన పట్టికల్లో ఆసియాకు విడిగా ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి మీ సర్వేతో సరిదిద్దుకోండి.

పంటకు లోతు ఒక్కటే చాలదు, ఎన్ని రోజులు నిలిచింది, పంట ఏ దశలో ఉంది కూడా ఇవ్వాలి. వరి కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. పత్తి వేరు దగ్గర నీళ్లు రెండు రోజులు నిలిస్తే చాలు, వాడిపోతుంది.

మునిగిన విస్తీర్ణానికి సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రాలు మబ్బుల్లోనూ పనికొస్తాయి. అయితే నాట్లు వేసిన మడి కూడా అందులో నల్లగా, అచ్చం వరదలాగే కనిపిస్తుంది. వరదకు ముందు తీసిన చిత్రాన్ని పక్కన పెట్టి, అప్పుడే నల్లగా ఉన్న మడులను తీసేయండి. చిన్న వాగు వరద కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఉపగ్రహం వచ్చేసరికి ఏమీ మిగలదు. అక్కడ కల్వర్టు గోడ మీద, చెట్టు మొదట్లో, గుడి మెట్ల మీద ఉన్న బురద గీతలే ఆధారం. తర్వాతి వాన కడిగేయకముందే వాటికి పెయింటు గుర్తు పెట్టి, తేదీ రాయించండి.