వైట్ ఆర్చర్డ్ దాటే ముందు

హనుమకొండ

అల్లునికి,

విచర్ 3 అనే కంప్యూటర్ ఆట షురూ చేస్తున్నవని అక్క చెప్పింది. పెద్ద ఆట. తొందర పడ్డోళ్లు సగంలనే ఇడిచిపెడ్తరు, అందుకే ఈ ఉత్తరం.

ముందుగాల ల్యాప్‌టాప్ సంగతి చూసుకో. 2022 డిసెంబర్ అప్‌డేట్ నుంచి బొమ్మ గీసే డైరెక్ట్‌ఎక్స్ 11 కావాల్నా, 12 కావాల్నా అని, ఆట తెరిచే లాంచర్ అడుగుతది. నీది పాత గ్రాఫిక్స్ కార్డు, 11 పెట్టుకో. 12 తోని బొమ్మ బాగుంటది గని ఆగి ఆగి నడుస్తది. వెంట్రుకలను అచ్చం నిజం లెక్క చూపించే హెయిర్‌వర్క్స్ బంద్ చెయ్యి. చెట్లు ఎంత దూరం కనపడాల్నో చెప్పే ఫోలియేజ్ రేంజ్ మీడియంకు దించు, ఫ్రేములు సెకనుకు 30కి కట్టు. మన ఎండ 40 దాటినంక ఫ్యాన్ లోపలికి గుంజేది వేడిగాలే. చిప్పు కాలిందంటే తన వేగం తనే తగ్గించుకుంటది, అప్పుడు ఆట గుంజుతది. పరుపు మీద మాత్రం పెట్టకు, కింద గాలి మూసుకపోతది.

నవలలు చదవాల్నా అంటే, చదవకున్నా నడుస్తది. ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ రాసిన నవలలు అయిపోయినంక జరిగే కథ ఇది. గని గెరాల్ట్, అంటే ఆటల నువ్వు నడిపే వేటగాడు, వెతికే సిరి ఎవలు, మంత్రగత్తె యెన్నెఫర్‌తోని అతనికి ఆ పేచీలు ఎందుకు అనేది తెలిసి ఆడితే రుచి వేరే. తెలుసుకోవాల్నంటే ఐదు నవలల కన్నా ముందున్న రెండు కథల పుస్తకాలు పట్టు.

ఆట మొదట్ల వచ్చే వైట్ ఆర్చర్డ్ ఇలాకల శక్తి రాళ్లు ఆరున్నయి. ఒక్కోదాన్ని మొదటిసారి ముట్టుకుంటే నైపుణ్యాలకు వాడుకునే పాయింట్ ఒక్కోటి వస్తది. ఆరూ తీసుకున్నంకనే అక్కడ్నించి కదులు. కత్తులు, కవచాలు కొనకు, దారిల దొరికేటివే చాలు. సిపాయిల కండ్ల ముందట సామాను ముట్టుకోకు. ఆ లెవెల్‌ల నువ్వు వాళ్లకు ఆగవు.

ప్రాణం నింపే స్వాలో మందుకు సెలండైన్ మొక్కలు ఐదు, నీళ్ల కాడ తిరిగే డ్రౌనర్ అనే రాకాసి మెదడు ఒకటి, డ్వార్వెన్ స్పిరిట్ అనే సారా ఒకటి కావాలె. ఒక్కసారి చేసినవంటే మళ్ల ఆకులు ఏరే పని లేదు. సంచిల గట్టి సారా ఒక్క సీసా ఉండంగ ధ్యానంల కూసుంటే, ఒడిసిపోయిన మందులన్నీ నిండుతయి. కొత్తోళ్లు సారా అంతా అమ్ముకొని, మందు ఎందుకు నిండుతలేదో తెల్వక తిప్పలు పడ్తరు.

బాయి కాడి దయ్యాన్ని పైసలకు వేటాడే కాంట్రాక్టు లెవెల్ 2ది, దాన్ని ఇడవకు. మన దిక్కు మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దంటరు గద. పోలెండ్ పల్లెలల్ల కూడ నడినెత్తి ఎండల పొలంల ఆడదయ్యం తిరుగుతదని నమ్మేటోళ్లు. ఆటల నూన్‌రెయిత్ అదే. వెండి కత్తి దియ్యి, దయ్యాల మీద పనిచేసే స్పెక్టర్ నూనె దొరికి ఉంటే దానికి రాయి. నూన్‌రెయిత్ పొగ లెక్క ఉంటది, ఉత్తగ కొడితే దెబ్బ సరిగ తాకదు. నేల మీద ఇర్డెన్ అనే మంత్రం గుర్తు వేసి, ఆ ఊదా గిరి లోపలనే నిలబడు. అది గిరిలకు వచ్చిందంటే గట్టిపడ్తది. రెండు మూడు తేలిక దెబ్బలు కొట్టి పక్కకు జరుగు. ఆల్ట్ నొక్కు, స్పేస్ కాదు. స్పేస్ నొక్కితే దూరం దొర్లి గిరి బయట పడ్తవు. ప్రాణం తగ్గినంక నీడలుగ చీలి నీ చుట్టు నిలబడ్తది. ఆ నీడలను జల్ది కొట్టు, లేకుంటే నీ ప్రాణం గుంజుకొని అది కోలుకుంటది. ఎక్కువ మంది ఓడేది ఎక్కడంటే, ముందుగాల దెబ్బలు ఆపే క్వెన్ గుర్తు వేస్తరు. ఒక్క గుర్తుకే స్టామినా అంతా ఒడిసిపోతది, ఇర్డెన్‌కు ఏం మిగలదు. కొత్త జంతువు ఏది ఎదురైనా ముందు బెస్టియరీల, అంటే ఆటల ఉండే రాకాసుల పుస్తకంల, దాని పేజీ చదువు. ఏ నూనె, ఏ గుర్తు పనికొస్తదో అండ్ల ఉంటది.

తర్వాత వచ్చే వెలెన్ ఇలాకల బారన్ అనే దొర పని లెవెల్ 6ది, స్కెల్లిగే దీవుల ప్రయాణం 16ది. ఓడకు వెయ్యి క్రౌన్లు (ఆటల పైసలు) అడుగుతరు, ఇప్పటిసంది ఎనకేసుకో. చిన్న పనులను మరీ పాతపడనియ్యకు. నీ లెవెల్ ఆ పని లెవెల్ కన్నా ఆరు మెట్లు ఎక్కువైందంటే అనుభవం పాయింట్లు నామమాత్రమే.

ఆట లోపల ఆడే గ్వెంట్ అనే పత్తాల ఆటకు పత్తాలు వైట్ ఆర్చర్డ్ సత్రంలనే కొను. సైనికుల పత్తాలు కనీసం 22 ఉండాలె, అంతకు మించి బలం లేనివి కలపకు, మంచియి చేతికి రావు. గూఢచారి పత్తా దొరికితే పానం లెక్క చూసుకో, అది ఆడితే రెండు కొత్తవి వస్తయి.

మాటల ముందు సేవ్ చెయ్యి, పాత సేవ్‌లు చెరపకు. ఇయ్యాల నువ్వు ఎంచుకున్న మాటకు ఫలితం పది గంటలు ఆడినంక కనపడుతది ఈ ఆటల.

నీ మామ