ఖరీదైన బంతి కొంటే ఆట మారుతుందా?

ప్రశ్న: గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాదైంది. దూరం కొట్టే పొడవైన కర్ర, డ్రైవర్‌తో కొడితే బంతి కుడికి తిరిగిపోతోంది. రౌండుకు నాలుగైదు బంతులు పోతున్నాయి. ఖరీదైన బంతులు వాడితే ఫలితం ఉంటుందా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఖరీదైన రకం, అంటే మూడు పొరల యూరథేన్ (మెత్తటి ప్లాస్టిక్) తొడుగు బంతుల డబ్బా కొన్న మొదటి రోజే, మొదటి షాట్‌కే నేను ఒకటి చెరువుకు సమర్పించుకున్నాను. ఆ టెన్షన్‌లో రెండోదీ అక్కడికే వెళ్లింది!

నిబంధన ప్రకారం ఏ బంతైనా 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తేడా అంతా లోపలి పొరల్లో, పైతొడుగులో ఉంటుంది. రబ్బరు గుండె, అయనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్న రెండు పొరల బంతి తక్కువగా గిరగిర తిరుగుతుంది. అందుకే పక్కకు పోవడం కాస్త తగ్గవచ్చు. అయితే మీ స్లైస్ (బంతి అలా కుడికి తిరిగిపోవడం) పూర్తిగా పోదు, అది స్వింగ్‌లో దిద్దుకోవాల్సిందే. యూరథేన్ తొడుగు మెత్తన. దగ్గరి షాట్లకు వాడే కర్ర, వెడ్జ్, ముఖం మీది గాడులు దాన్ని పట్టుకుంటాయి కాబట్టి బంతి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద త్వరగా ఆగుతుంది.

రెండు రకాలూ చెరో మూడు తీసుకుని, ముప్పై అడుగుల నుంచి ఒకే వెడ్జ్‌తో చిప్ చేయండి, అంటే తక్కువ ఎత్తులో చిన్నగా కొట్టండి. ఒక్కోటి పడ్డాక ఎంత దూరం దొర్లిందో అడుగులేసి కొలవండి. తేడా కనబడకపోతే చవకదే తీసుకోండి. రౌండుకు ఒకటీ అరా మాత్రమే పోయే రోజు వచ్చాక యూరథేన్ సంగతి చూద్దాం.

అన్నట్టు, పొదల్లో దొరికిన రకరకాల బంతులు కలిపి ఆడకండి. పటింగ్‌లో, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించేటప్పుడు, చేతికి అంచనా కుదరదు.