పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు

తమ్ముడూ,

నీ రాతప్రతి పూర్తిగా చదివాను. కాంట్రాక్టరూ తహసీల్దారూ కలిసి చెరువు భూమి కాజేసిన కథ బాగా కుదిరింది. దాని పక్కనే ఎదురింటావిడ కాపురం కథ కూడా పెట్టావు. 'పేర్లన్నీ మార్చేశాను కదన్నా, ఇంకా టెన్షన్ పడాలా?' అని అడిగావు. పడాలి. కానీ నువ్వు భయపడుతున్నది చెరువు కథ గురించి, నాకు దిగులుగా ఉన్నది రెండో కథ గురించి.

ముందు పేర్ల సంగతి. 1908లో ఇంగ్లండ్‌లో సండే క్రానికల్ అనే పత్రిక ఆర్టెమస్ జోన్స్ అని ఒక పేరు కల్పించి, ఆయన భార్య కాని స్త్రీతో ఫ్రాన్స్‌లో తిరుగుతున్నాడని రాసింది. అదే పేరుతో నిజంగానే ఒక బారిస్టరు ఉన్నాడు. తెలిసినవాళ్లు ఆయనే అనుకున్నారు. పత్రిక 1,750 పౌండ్లు కట్టాల్సి వచ్చింది, పై కోర్టుల్లోనూ ఓడిపోయింది. ఇక నువ్వు పేరు మార్చావు గానీ, రామాలయం పక్క సందు, కుట్టుమిషను, దుబాయ్ వెళ్లి తిరిగిరాని భర్త అన్నీ అలాగే ఉంచావు. మీ ఊళ్లో ఆవిణ్ణి గుర్తుపట్టనివాళ్లు ఎవరు?

మన దగ్గర పరువు నష్టం కేసు వేయడం చాలా తేలిక. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరుగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ చేయమని కూడా చెప్పవచ్చు. సివిల్ దావా అయితే అచ్చైన ఏడాదిలోపు వేయాలి. ఇంగ్లండ్ 2013లో చట్టం మార్చి, పరువుకు తీవ్రమైన హాని జరిగిందని, లేదా జరిగే అవకాశం ఉందని చూపిస్తేనే దావా నిలుస్తుందని చెప్పింది. ఆ హాని వాస్తవంగా కనబడాలని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి నియమం మనకూ రావాలని గట్టిగా కోరుకుంటాను. వాయిదాలకు తిరిగి తిరిగి కలం పక్కన పెట్టేసినవాళ్లను చూశాను.

అయినా చెరువు కథ తీసేయొద్దు. 1994 నాటి ఆటో శంకర్ కేసు తీర్పు చదువు. ఉరిశిక్ష పడిన ఖైదీ శంకర్ జైల్లో ఆత్మకథ రాశాడన్నారు. అందులో కొందరు అధికారుల బండారం ఉందని నక్కీరన్ అనే తమిళ పత్రిక ప్రకటించింది. ప్రచురిస్తే చర్య తీసుకుంటామని జైళ్ల ఐజీ లేఖ పంపాడు. సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ జీవన్ రెడ్డి. పరువు పోతుందన్న పేరుతో ప్రభుత్వం గానీ అధికారులు గానీ అచ్చు కాకముందే ఆపలేరన్నారు. అధికారి డ్యూటీలో చేసిన పని గురించి రాసినప్పుడు, రాసినవాడు తగినంత విచారించి ఉంటే, ఏదో పొరపాటు దొర్లినా నష్టపరిహారం అడగలేడన్నారు. క్రిమినల్ సెక్షన్ జోలికి మాత్రం ఆ తీర్పు వెళ్లలేదు. అక్కడ నిజమని చూపిస్తే చాలదు, అది ప్రజల మేలు కోసం రాశావని కూడా చూపాలి. చెరువు విషయంలో అది కష్టం కాదు. ఆర్టీఐ జవాబులు, అడంగల్ నకళ్లు, ఎవరితో ఏ తేదీన మాట్లాడావో రాసుకున్న నోట్సు జాగ్రత్త చెయ్యి.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. మనిషి తన కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు వంటి వాటిని తనదిగా కాపాడుకోవచ్చు. అనుమతి లేకుండా వాటిని ఎవరూ ప్రచురించకూడదు. రాసింది నిజమైనా, పొగడ్తే అయినా సరే. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నదానికి మినహాయింపు ఉంది, కానీ లైంగిక దాడి బాధితుల పేర్లు అందులోంచి తీసి కూడా రాయకూడదు. 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు.

ఎదురింటావిడ ఏ పదవిలోనూ లేదు. మీ అమ్మతో నమ్మకంగా చెప్పుకున్న బాధ అది. ఆవిడ దావా వేయలేకపోవచ్చు, లాయరుకు ఫీజు కూడా ఇవ్వలేకపోవచ్చు. అందుకే నువ్వు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ కథ ఆవిడకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. వద్దంటే తీసెయ్యి, బతిమాలొద్దు. సరేనంటే ఏం మార్చమంటుందో అడిగి, తన ఒప్పుదల కాగితం మీద రాయించుకో.

చెరువు కథ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి నాకు పంపు. అచ్చుకు ఇచ్చేముందు నాకు తెలిసిన లాయరుకు చూపిద్దాం.

మీ అన్న