పెల్లెట్లు ముట్టని ఆస్కార్ గురించి అల్లుడికి

భీమవరం

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

నీ ఆస్కార్ చేప నాలుగు రోజులు పెల్లెట్లు (డబ్బాలో వచ్చే మేత గుళికలు) ముట్టలేదని, చూడలేక మళ్లీ గోల్డ్ ఫిష్ పిల్లలు తెచ్చి వేశావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంకో రెండు మూడు రోజులు ఓపిక పట్టి ఉండాల్సింది. ఆస్కార్ లాంటి సిక్లిడ్ జాతి చేపలు తెలివైనవిరా. తిండి పెట్టే మనిషినీ, డబ్బా మూత చప్పుడునీ గుర్తుపెట్టుకుంటాయి. మొండికేస్తే బతికున్న చేప దొరుకుతుందని ఇప్పుడు నువ్వే నేర్పావు.

అయితే ముందు అది మొండితనమో జబ్బో తేల్చుకో. హైదరాబాద్ చలికి నీళ్లు చల్లబడితే ఆస్కార్‌కి ఆకలే ఉండదు, హీటర్ 26 డిగ్రీల దగ్గర ఉందో లేదో చూడు. ట్యాంకులో రాళ్లు కదిపినా అలిగి ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది, దానికి భయపడకు. రెట్ట తెల్లగా దారంలా సాగుతూ, పొట్ట లోపలికి పోతే మాత్రం అది జబ్బు. నీది గోల్డ్ ఫిష్ కనిపించగానే ఎగబడుతోందంటే ఒంట్లో బాగానే ఉంది.

ఉమ్మేసిందల్లా వద్దన్నట్టు కాదు. ఈ జాతి చేపలకి గొంతులో ఇంకో జత దవడలుంటాయి. నోటితో పట్టిన తిండి అక్కడ నలిగాకే కడుపులోకి వెళ్తుంది. అందుకే ఉమ్మి, మళ్లీ అందుకుంటుంది. మూడోసారి కూడా వదిలేస్తే అప్పుడు వద్దన్నట్టు.

గోల్డ్ ఫిష్ వెయ్యడం ఈ రోజుతో మానెయ్. దాని ఒంట్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. రోజూ అదే తింటే చేప లోపల్లోపల చిక్కిపోతుంది. పైగా జబ్బులు వెంట తెస్తుంది. నా మొదటి ఆస్కార్‌ని అలాగే పోగొట్టుకున్నాను. ముద్దు కొద్దీ వేసిన నాలుగు చేపలతో వైట్ స్పాట్, అదే ఒంటి మీద తెల్ల చుక్కలు పడే జబ్బు, వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు.

నీది అరచేతి పొడవు ఎదిగింది కాబట్టి మూడు నాలుగు రోజులు పస్తు పెట్టినా ఏమీ కాదు. రెండంగుళాల పిల్లల్ని మాత్రం అలా మాడ్చకూడదు. పస్తు తర్వాత రొయ్య ముక్క చిన్నది ఒకటి వెయ్. అది మింగీ మింగగానే అదే చోట ఒక పెల్లెట్ వెయ్. ఆ పెల్లెట్‌ని ముందే రొయ్యలు కడిగిన నీళ్లలో, రెండు చుక్కల వెల్లుల్లి రసంతో ఐదు నిమిషాలు నాననివ్వు. తినకపోతే వలతో తీసెయ్, కుళ్లితే నీళ్లు పాడవుతాయి. మర్నాడు మళ్లీ అంతే. రోజురోజుకీ రొయ్య తగ్గించి పెల్లెట్లు పెంచు. నా దగ్గర ఒకటి తొమ్మిదో రోజుకి దారికొచ్చింది. ఆ తొమ్మిది రోజులూ మీ అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడలేదు.

దారికొచ్చాక పెల్లెట్లే అన్నం అనుకో, మిగతావి కూరలు. డబ్బా తెరిచాక సి విటమిన్ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి చిన్న డబ్బాలే కొను. వారానికి రెండుసార్లు పొట్టుతో సహా చిన్న రొయ్యలు పెట్టు, ఆ పొట్టులోంచే ఎరుపు రంగు తేలుతుంది. పురుగుమందు తగలని మట్టిలో తీసిన వానపాములు ఇంకా మంచివి. పచ్చి బఠానీ ఉడికించి తోలు తీసి వేస్తే మలబద్ధకం ఉండదు. కోడి కార్జం, మటన్ జోలికి పోకు, ఆ కొవ్వు చేపకి అరగదు.

తీరికుంటే రొయ్యలు, పాలకూర, బఠానీలు, ఒక వెల్లుల్లి రెబ్బ మెత్తగా రుబ్బి, మరిగించిన చైనా గ్రాస్ గోరువెచ్చగా ఉండగానే కలిపి, పలకలా పోసి ఫ్రీజర్‌లో పెట్టు. ఏ రోజుకారోజు ముక్క విరిచి వెయ్యొచ్చు.

నీ స్నేహితుడు కొన్న మలావీ సరస్సు ఎంబునాలకి మాత్రం ఈ ముద్ద పెట్టనివ్వకు. అవి రాళ్ల మీద నాచు గీక్కుని తినే చేపలు, పేగు పొడుగు. మాంసం ఎక్కువైతే పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి. వాటికి స్పిరులినా అనే నాచు ఉన్న తిండి కావాలి.

రోజుకి రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేంత చాలు. ఆదివారం పస్తు, ఆ రోజే ట్యాంకులో పావు వంతు నీళ్లు మార్చు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చుకో. పొట్టు తియ్యని చిన్న రొయ్యలు ఐసులో పెట్టించి ఇస్తాను.

మీ మామయ్య