ఛైర్మన్ పదవికి మనం ఓటు వేయకుండానే మా కౌన్సిలర్ ఛైర్మన్ ఎలా అయ్యారు?

మిర్యాలగూడ లాంటి మున్సిపాలిటీలో మనం ఓటేసేది వార్డు సభ్యుడికే. గెలిచిన కౌన్సిలర్లు, ఎక్స్ అఫీషియో (పదవి వల్ల వచ్చే) ఓటున్న ఎమ్మెల్యే, ఎంపీలతో కలిసి చేతులెత్తి ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు. అందుకే ఇక్కడ వార్డులో మంచిపేరు ఒక్కటే సరిపోదు, తోటి కౌన్సిలర్ల మద్దతు కూడా కావాలి. అవిశ్వాసం నెగ్గితే ఆ కుర్చీ మధ్యలోనే పోతుంది.

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది కాబట్టి అక్కడ కౌన్సిలర్‌ను కార్పొరేటర్, ఛైర్మన్‌ను మేయర్ అంటారు.

పోటీకి 21 ఏళ్లు చాలు, ఎమ్మెల్యేకైతే 25 నిండాలి. కానీ వార్డు రిజర్వేషన్ మారితే ఐదేళ్లు మోరీలు, నల్లా నీళ్ల కోసం తిరిగిన మనిషి కూడా వేరే వార్డు వెతుక్కోవాలి. నిజంగా బాధ కలిగించేది అదే. ఇంకోటి చాలామందికి తెలియదు: 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా వార్డు సభ్యుడిదే.