షాపుకు భూసేకరణ నోటీసు వచ్చిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. రోడ్డు వెడల్పులో షాపు ముందు భాగం పోతుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ ఉంటుంది నాయనా, కాదనను. కానీ గడువులు మన కోసం ఆగవు. ముందు నోటీసు ఏ చట్టం కింద ఇచ్చారో చూడు. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ అయితే అభ్యంతరాలకు 60 రోజులుంటాయి. జాతీయ రహదారి కోసమైతే 1956 చట్టం, 21 రోజులే. నీది 2013 చట్టమే అనుకుని రాస్తున్నాను.

అందరూ గజం రేటు గురించే కొట్లాడతారు. చుట్టుపక్కల గత మూడేళ్లలో ఎక్కువ ధర పలికిన రిజిస్ట్రేషన్ల నకళ్లు తీయించు, లెక్కకు అవీ ఒక ఆధారం. భూమికీ, కట్టడాలకూ కట్టిన విలువకు సమానంగా సొలేషియం, అంటే పరిహారం మీద అదనంగా ఇచ్చే సొమ్ము, కూడా వస్తుంది.

నీకు కూడు పెట్టేది మాత్రం ఆ గజాలు కాదు, వ్యాపారం. 28వ సెక్షన్ వకీలు చేత చదివించుకో. షాపు వేరేచోటికి మార్చడానికయ్యే న్యాయమైన ఖర్చు, సేకరణ వల్ల సంపాదనకు తగిలే దెబ్బ, 19వ సెక్షన్ డిక్లరేషన్ (భూమి తీసుకుంటున్నామనే ప్రకటన) నుంచి స్వాధీనం చేసుకునే రోజు దాకా ఆ స్థలం మీద తగ్గిన లాభం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ ఇవ్వరు. గోడ మీద ఎర్ర గీత పడిన రోజు నుంచి హోల్‌సేల్ వాళ్లు అప్పు ఆపేస్తారు, నువ్వు కూడా సరుకు తగ్గించేస్తావు. ఆ నష్టం నిజమే, కానీ కాగితం మీద కనబడాలి. పాత జీఎస్టీ, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే ఒకచోట పెట్టు. ఇకపై నెలనెలా అమ్మకాలు రాసి ఆడిటర్‌తో సంతకం పెట్టించు. ర్యాకులు, త్రీ ఫేజ్ కరెంటు మార్చడానికి కొటేషన్లు తెచ్చుకో. నీకేం రావాలో చెప్పమని అడిగే 21వ సెక్షన్ నోటీసు వచ్చాక ఒక్కోదానికి ఎంతో అంకెలతో రాసి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకో.

షట్టర్లు కూల్చాక మిగిలే గోడౌన్ ఎందుకూ పనికిరాదనిపిస్తే, భవనం మొత్తం తీసుకోమని 94వ సెక్షన్ కింద అడగొచ్చు. పక్క షట్టర్లో అద్దెకున్న జిరాక్స్ అబ్బాయి సంగతి మాత్రం అధికారుల దగ్గర దాచకు. అక్కడే మూడేళ్లుగా బతుకుతున్న చిన్న వ్యాపారికీ చట్టంలో చోటుంది. అతని పొట్ట కొట్టి నాలుగు రూపాయలు మిగుల్చుకోవడం మనింటి పద్ధతి కాదు.

అవార్డు, అంటే కలెక్టర్ తేల్చే పరిహారం, తక్కువగా వస్తే డబ్బు వద్దనకు. రసీదు మీద ‘నిరసనతో తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకో. ఆ మాట లేకపోతే ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు నువ్వు అక్కడే ఉంటే, పరిహారం తగాదాలు తేల్చే అథారిటీకి పంపమని కలెక్టర్‌కు 64వ సెక్షన్ దరఖాస్తు ఆరు వారాల్లో పెట్టాలి. అంగీకార పత్రమని ఏదైనా ముందు పెడితే నాకు చూపించకుండా సంతకం చేయొద్దు.

నోటీసు ఫొటో ఈ రాత్రికే పంపు.

మీ మామయ్య